గ్రహణవేళ సత్యాన్వేషి – ఎడింగ్టన్

సూర్యగ్రహణ పరిశోధన చరిత్రలో తెలుగునేలకు స్థానముంది. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. అర్ధశతాబ్ది తరువాత మరొక గ్రహణంతో విశ్వఖ్యాతి గడించిన ఖగోళవేత్త సర్ ఆర్థర్ స్టాన్లీ ఎడింగ్టన్.

ఆయన 1882 డిసెంబరు 28న ఇంగ్లండులోని కెండాల్‌లో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి తల్లి పెంపకంలో పెరిగారు. వారిది క్వేకర్ కుటుంబం. ప్రతి మనిషి అంతరంగంలోనూ దైవజ్యోతి ఉంటుందనీ, యుద్ధం తగదనీ విశ్వసించే క్రైస్తవ శాఖ అది. 1913లో ఆయన కేంబ్రిడ్జిలో ఆచార్యులయ్యారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, సైన్యంలో చేరడానికి తన మతవిశ్వాసం అంగీకరించదని 1918లో విచారణ సంఘం ఎదుట నిర్భయంగా తెలిపారు. గ్రహణయాత్రకు సన్నాహాలు కొనసాగించాలన్న నియమంపై మినహాయింపు లభించింది.

సూర్యుని చేరువగా వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగుతుందో ఐన్‌స్టీన్ లెక్కగట్టారు. ఆయన శత్రుదేశమైన జర్మనీలో పనిచేస్తున్న పండితుడు. సూర్యబింబం పూర్తిగా మరుగైతేనే ఆ లెక్కను పరీక్షించే వీలుండేది. 1919 మే 29 ఉదయం ఆఫ్రికా తీరానికి దూరంగా ఉన్న ప్రిన్సిపె ద్వీపంలో భారీ వర్షం కురిసింది. మేఘాల నడుమనే సంపూర్ణ గ్రహణం సుమారు ఐదు నిమిషాలు సాగింది. ఎడింగ్టన్ తీసిన 16 ఛాయాచిత్రాలలో కొన్నింటిలో మాత్రమే నక్షత్రాలు కనిపించాయి. బ్రెజిల్‌లో మరొక బృందం సాధించిన ఫలితాలు వాటికి తోడయ్యాయి. ఐన్‌స్టీన్ లెక్క సరైనదని నవంబరు 6న లండనులో ప్రకటించారు.

గ్రహణాన్ని దైవానికి రుజువుగా ఎడింగ్టన్ చూపలేదు. విజ్ఞానమూ విశ్వాసమూ ఎడతెగని అన్వేషణలేనని 1929 నాటి ప్రసంగంలో వివరించారు. 1944 నవంబరు 22న కన్నుమూశారు. పగలు రగిలిన కాలంలో శత్రుదేశపు పండితుడు చెప్పిన సత్యాన్ని నిష్పక్షపాతంగా పరీక్షించి లోకానికి చాటడంలోనే ఆయన విశ్వాసం ఆచరణరూపం దాల్చింది.