రాళ్ళ కోసం బిల్లు పెట్టిన బ్యాంకరు

డోల్మెన్ అనే మాట మీలో చాలామందికి కొత్త కావచ్చు. మూడు నాలుగు పెద్ద రాళ్ళు నిలబెట్టి, పైన ఒక బండని కప్పులా పెట్టిన పాతకాలపు సమాధి అది. మన ములుగు జిల్లా అడవుల్లోనూ ఉన్నాయి, జనం రాక్షసగుళ్ళు అంటారు. మనవి ఇనుప యుగానివి. యూరప్‌లోవి చాలావరకు అంతకన్నా పాతవి, నవీన శిలాయుగానివి. ఆ యుగానికి నియోలిథిక్ అని పేరు పెట్టిన జాన్ లబ్బాక్ గురించే నేను చెప్పబోయేది.

లబ్బాక్ 1834లో లండన్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ ఇంటి దగ్గరికి చార్లెస్ డార్విన్ కాపురం వచ్చాడు. అంతకంటే మంచి ట్యూషన్ మాస్టారు ఎవరికి దొరుకుతాడు చెప్పండి! పదిహేనేళ్ళకే చదువు మాన్పించి తండ్రి తన బ్యాంకులో కూర్చోబెట్టాడు. మనలా కాలేజీ మెట్లెక్కలేదు. అయినా చీమల మీద, తేనెటీగల మీద ప్రయోగాలు చేశాడు. 1865లో ప్రీహిస్టారిక్ టైమ్స్ అనే పుస్తకం రాసి, రాతియుగాన్ని పాతది, కొత్తది అని రెండుగా విడదీశాడు.

పేరు పెట్టి ఊరుకుంటే నేను ఆయన గురించి రాసేదాన్ని కాదు. ఏవ్‌బరీ అనే ఊళ్ళో నవీన శిలాయుగపు పెద్ద రాతి వలయం ఉంది. అంతకుముందే అక్కడి రాళ్ళని చాలామంది మంటపెట్టి, నీళ్ళు పోసి పగలగొట్టి ఇళ్ళు కట్టేసుకున్నారు. 1871లో వలయం లోపలి స్థలాన్ని ఇళ్ళ ప్లాట్లుగా అమ్మబోతుంటే, లబ్బాక్ సొంత డబ్బుతో కొనేశాడు.

కానీ ఒక్కడు ఎన్ని ఊళ్ళు కొంటాడు? అప్పటికి ఆయన ఎంపీ. 1873లో పార్లమెంటులో పురాతన కట్టడాల రక్షణ బిల్లు పెట్టాడు. నా పొలంలో రాయి నా ఇష్టం, మధ్యలో సర్కారుకేం పని అని భూస్వాముల పక్షం అడ్డుపడింది. బిల్లు పోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పోయింది. 1882లో గానీ చట్టం కాలేదు.

అయినా ఆ చట్టం మెత్తనిదే. జాబితాలో 68 స్థలాలు. యజమాని తనంతట తాను ఒప్పుకుని అప్పగిస్తేనే ప్రభుత్వం కాపలాదారు అవుతుంది. కాదంటే బలవంతం లేదు. ఆ జాబితాలో కెంట్ జిల్లాలోని కిట్స్ కోటీ హౌస్ అనే డోల్మెన్ ఉంది. మూడు నిలువు రాళ్ళు, పైన ఒక బండ, అంతే. ఇప్పుడు చుట్టూ ఇనుప కంచెతో భద్రంగా ఉంది.

మన కోడ్‌లో మొదటి వెర్షన్ ఎప్పుడూ అరకొరగానే ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. తర్వాతి చట్టాలు దాన్ని గట్టిపరిచాయి. మన దేశంలో కర్జన్ హయాంలో 1904లో ఇలాంటి చట్టం వచ్చింది, స్వతంత్రం వచ్చాక 1958లో ఇంకోటి.

1900లో ప్రభువు బిరుదు ఇస్తే లబ్బాక్ ఏవ్‌బరీ పేరునే పెట్టుకున్నాడు. 1913లో చనిపోయాడు.

నాకు ఆయన పుస్తకాల కన్నా ఆ తొమ్మిదేళ్ళ మొండితనం ఎక్కువ నచ్చింది. ఎందుకంటే జాబితాకెక్కని రాయి చట్టం కళ్ళకి ఉత్త రాయే. క్వారీ వాడికీ అంతే, గోడ కట్టుకునేవాడికీ అంతే. మన రాక్షసగుళ్ళలో జాబితాకెక్కనివి ఎన్నున్నాయో, ముందు వాటిని ఎవరో ఒకరు లెక్క రాయాలి.