సముద్రం దాటే ముందు స్వామీజీకీ గుండె దడే



ఈ వారం మన వీడియో స్వామి వివేకానంద మీద. చికాగో ఉపన్యాసం గురించి తెలియనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. స్కూల్లో ప్రతి జనవరి 12న ఎవరో ఒకరు కాషాయం తలపాగా చుట్టుకుని స్టేజీ ఎక్కేవాళ్లే. కానీ ఆ ఉపన్యాసానికి ముందు గడిచిన ఎనిమిది నెలల గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. వెళ్లాలా వద్దా అనే ఊగిసలాట, డబ్బు లెక్కలు, అమ్మ గురించి బెంగ, దిగాక తెలిసిన తప్పులు... ఇవన్నీ వీడియోలో పట్టలేదు. అందుకే ఈ పోస్టు.

రాయడానికి నాకు ఒక సొంత కారణం కూడా ఉంది. మాది వనపర్తి దగ్గర ఊరు. వచ్చే నెల ఆఫీసు పని మీద రెండేళ్లు విదేశం వెళ్తున్నా. చిలుకూరు బాలాజీకి ముందు 11, వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు అయిపోయాయి. అలంపురం వెళ్లి జోగులాంబ అమ్మవారి దర్శనం కూడా చేసుకొచ్చాం. అమ్మ పల్లీల పొడి, మామిడికాయ తొక్కు కడుతూనే ఉంది, నేను సూట్‌కేసు తూకం వేస్తూనే ఉన్నా. పైకి అందరికీ సంతోషంగానే చెప్తున్నా గానీ రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. అలాంటి ఒక రాత్రి స్వామీజీ పాత ఉత్తరాలు తిరగేశా. అక్కడ కనిపించిన మనిషి పోస్టర్‌లో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిలా లేరు.

ఇంటి పరిస్థితి

1863 జనవరి 12న కలకత్తాలో పుట్టారు. పేరు నరేంద్రనాథ్ దత్తా. తండ్రి విశ్వనాథ్ దత్తా కలకత్తా హైకోర్టులో అటార్నీ, తల్లి భువనేశ్వరీ దేవి. బాగా బతికిన కుటుంబం. 1884లో తండ్రి హఠాత్తుగా పోయారు. అప్పులవాళ్లు ఇంటి మీద పడ్డారు, ఆస్తి కోసం బంధువులు కోర్టుకెక్కారు. బీఏ చదివిన కుర్రాడు చెప్పులు కూడా లేకుండా ఆఫీసుల చుట్టూ ఉద్యోగం కోసం తిరిగాడు. ఇంట్లో అందరికీ అన్నం చాలదని తెలిసి, బయట తిన్నానని అబద్ధం చెప్పి పస్తున్న రోజులున్నాయి.

1886 ఆగస్టులో గురువు శ్రీరామకృష్ణులు వెళ్లిపోయారు. తర్వాత సన్యాసం, దేశమంతా తిరుగుడు. 1892 డిసెంబరు చివర్లో కన్యాకుమారి చేరి, సముద్రంలోని బండ మీద ధ్యానంలో కూర్చున్నారు. తిరిగినంతకాలం కళ్లారా చూసిన దరిద్రానికి ఏం చేయాలన్నదే అక్కడ ఆయన్ని తొలిచిన ప్రశ్న. అమెరికాలో సర్వమత మహాసభ జరగబోతోందని అప్పటికే విన్నారు. వెళ్లమని రామనాథపురం రాజా భాస్కర సేతుపతి లాంటివాళ్లు ముందే చెప్పి ఉన్నారు. కానీ చేతిలో పైసా లేదు, ఆ దేశంలో తెలిసినవాళ్లు లేరు. పైగా సముద్రం దాటితే కులం పోతుందని జనం గట్టిగా నమ్మే కాలం అది.

మొదటిసారి వచ్చిన డబ్బు పంచేశారు

1893 మొదట్లో మద్రాసు చేరారు. అక్కడి కుర్రాళ్లు ఆయన చుట్టూ చేరారు. వాళ్లలో ముఖ్యుడు అళసింగ పెరుమాళ్ అనే స్కూలు మాస్టారు. వీళ్లంతా చందాలు పోగుచేసి సుమారు 500 రూపాయలు తెచ్చి చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు.

స్వామీజీ ఆ డబ్బు పేదలకు పంచేయమన్నారు. తన వెళ్లాలనే కోరిక అమ్మవారి ఇచ్ఛో, తన సొంత ఆశో ఆయనకే తేలలేదు. అమ్మవారి ఇచ్ఛే అయితే డబ్బు మళ్లీ దానంతట అదే వస్తుందని ఆయన లెక్క. చందాల కోసం గడప గడపా తిరిగిన ఆ కుర్రాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. అయినా మాట కాదనలేదు, పంచేశారు.

హైదరాబాద్‌లో వారం రోజులు

ఈ కథలో మన గడ్డ వచ్చేది ఇక్కడే. 1893 ఫిబ్రవరి 10న స్వామీజీ హైదరాబాద్‌లో దిగారు. స్టేషన్‌కు సుమారు 500 మంది వచ్చారు. ఆయన దిగింది మధుసూదన్ చటర్జీ గారింట్లో. ఆయన నిజాం ప్రభుత్వంలో సూపరింటెండింగ్ ఇంజనీరు. (ఇంజనీర్లం కూడా పుణ్యకార్యాలకు పనికొస్తామని ఇంట్లో చెప్పుకోవచ్చు!)

అప్పటికి గద్వాల, వనపర్తి సంస్థానాలు. నాగర్‌కర్నూల్‌తో సహా మన ప్రాంతమంతా నిజాం రాజ్యంలోదే. గద్వాల మీదుగా ఇవాళ వెళ్లే రైలు మార్గం ఇంకా పడలేదు.

ఫిబ్రవరి 12న నవాబు ఖుర్షీద్ జా బహదూర్‌ను కలిశారు. మాటల తర్వాత నవాబు వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు. ప్రయాణం ఖాయమైనప్పుడు అడుగుతానని స్వామీజీ సున్నితంగా వద్దన్నారు. మర్నాడు 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఉపన్యాసం. వెయ్యి మందికి పైగా వచ్చారు. విషయం, తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో చెప్పడం. అంటే చికాగోకు ఏడు నెలల ముందే, ఆ ప్రయాణం గురించి ఆయన మన దగ్గర వెయ్యి మంది ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పారు. తర్వాతి రోజు బేగంబజార్ సేట్లు వచ్చి ప్రయాణానికి సాయం చేస్తామని మాటిచ్చారు.

వింటుంటే అంతా బాగానే ఉంది కదా? కానీ అదే హైదరాబాద్ నుంచి అళసింగకు రాసిన ఉత్తరం వేరే మూడ్‌లో ఉంటుంది. ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయని, ఈ వేడిలో రాజపుతానా వైపు వెళ్లలేనని రాశారు. నెలల టైమ్ ఉంటే ఉత్తరాదిలో ఎవరో ఒక రాజును పట్టుకుని ఉండేవాణ్ణని, ఇక ఆలస్యమైపోయిందని, తన ప్లాన్లన్నీ నేలకూలాయని బాధపడ్డారు. ఆ తర్వాతే భగవంతుడి ఇష్టం అని సర్దుకుంటారు.

ఎదురుగా వెయ్యి మంది చప్పట్లు. గదిలోకి వచ్చాక, పని అయ్యేలా లేదన్న దిగులు. నా రాత్రి రెండు గంటలు గుర్తొచ్చాయి.

ఒక కల, ఒక ఉత్తరం

మద్రాసు తిరిగొచ్చాక అళసింగ మళ్లీ చందాలకు బయల్దేరారు. ఈసారి ఎక్కువగా మధ్యతరగతి ఇళ్ల తలుపులు తట్టారు. తాను వెళ్లేది సామాన్యుల తరఫున కాబట్టి డబ్బు కూడా వాళ్ల దగ్గర్నుంచే రావాలని స్వామీజీ చెప్పారు.

డబ్బు వస్తున్నా ఆయన మనసు మాత్రం తేలలేదు. అప్పుడు ఒక కల వచ్చింది. శ్రీరామకృష్ణులు ఒడ్డు నుంచి సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్తూ, తన వెనకే రమ్మని సైగ చేస్తున్నారు. కల అంత స్పష్టంగా ఉన్నా ఆయన అక్కడితో ఆగలేదు. గురుపత్ని శారదామాతకు విషయమంతా ఉత్తరం రాసి అనుమతి అడిగారు. మాతృహృదయం కదా, కొడుకు అంత దూరం వెళ్తాడంటే ఆవిడకూ బెంగే. అయినా ఆశీర్వదిస్తూ జవాబు పంపారు. ఆ ఉత్తరం అందాకే స్వామీజీ మనసు కుదుటపడింది.

ఇంకో బెంగ కన్నతల్లి గురించి. సన్యాసి అయినా భువనేశ్వరీ దేవి కష్టం ఆయన్ని వదల్లేదు. ఖేత్రీ మహారాజా అజిత్ సింగ్ ఆమెకు నెలకు 100 రూపాయలు అందే ఏర్పాటు చేశారు. సన్యాసికి ఇంటి గోల ఎందుకు అని లోకం అనుకోవచ్చు. అమ్మకు ఈ నెల గడుస్తుందా అన్న ఆలోచనను మాత్రం ఆయన చిన్నదిగా చూడలేదు.

ఓడ ఎక్కాక

మహారాజాకు కొడుకు పుట్టాడు. ఆ వేడుకకు స్వామీజీని ఖేత్రీ పిలిపించుకున్నారు. పట్టు అంగీ, తలపాగా, ఓడలో ఫస్ట్ క్లాస్ టికెట్ సమకూరాయి. 1893 మే 31న బొంబాయిలో పెనిన్సులర్ అనే ఓడ ఎక్కారు. కొలంబో, పెనాంగ్, సింగపూర్, హాంకాంగ్ మీదుగా జపాన్ చేరారు. కమండలంతో దేశమంతా తిరిగిన మనిషికి పెట్టెలు, మూటలు చూసుకోవడం పెద్ద తలనొప్పి అయింది.

యొకొహామాలో ఎంప్రెస్ ఆఫ్ ఇండియా ఓడ ఎక్కి జులై 25న కెనడాలోని వాంకూవర్‌లో దిగారు. ఆ ప్రయాణంలో జంషెట్‌జీ టాటా పరిచయమయ్యారు. దారి పొడవునా చలికి వణికిపోయారు. ఉత్తర పసిఫిక్‌లో అంత చలి ఉంటుందని మద్రాసు కుర్రాళ్లకు గానీ ఆయనకు గానీ తెలియదు, ఉన్ని బట్టలు సరిగా పెట్టుకోలేదు.

జులై చివర్లో చికాగో చేరాక పిడుగులాంటి వార్త. మహాసభ మొదలయ్యేది సెప్టెంబరు 11న. ఇంకా ఆరు వారాలు. పైగా ఏదైనా గుర్తింపు పొందిన సంస్థ పరిచయ పత్రం లేకుండా ప్రతినిధిగా తీసుకోరు, పేర్లు ఇచ్చే గడువు కూడా దాటిపోయింది. ఒక్కసారి ఆలోచించండి. ఇంత జపం, ఇంత కల, ఇంత ఆశీర్వాదం. తీరా చూస్తే తేదీ ఎవరూ కనుక్కోలేదు, కాగితం ఎవరూ అడగలేదు!

ఖర్చు తగ్గుతుందని బోస్టన్ వైపు వెళ్లారు. రైల్లో పరిచయమైన కేట్ శాన్‌బోర్న్ అనే రచయిత్రి తన ఇంట్లో చోటిచ్చారు. అక్కడి నుంచి ఆగస్టు 20న అళసింగకు రాసిన ఉత్తరంలో లెక్కలన్నీ ఉన్నాయి. మీరిచ్చిన 170 పౌండ్ల నోట్లు, 9 పౌండ్ల నగదు కలిపి 130కి వచ్చాయని, రోజుకు సగటున ఒక పౌండు అవుతోందని రాశారు. చలిబట్టలు కొనాలి. వీధిలో తన వేషం చూసి పిల్లలు వెంటపడి గేలి చేస్తున్నారు. వెనక్కి వచ్చేయాలని అనిపించినా, పట్టు వదలనని కూడా అందులోనే ఉంది.

అక్కడే హార్వర్డ్‌లో గ్రీకు చెప్పే ప్రొఫెసర్ జాన్ హెన్రీ రైట్ పరిచయమయ్యారు. ఆయనే మహాసభ కమిటీకి పరిచయ ఉత్తరం రాసి, చికాగోకు టికెట్ కూడా కొనిచ్చారు. చికాగోలో దిగేసరికి కమిటీ ఆఫీసు అడ్రస్ ఉన్న కాగితం పోయింది. రాత్రి రైల్వే యార్డులో ఖాళీ పెట్టెలో పడుకున్నారు. పొద్దున్నే గొప్పవాళ్ల వీధిలో దారి అడిగితే పనివాళ్లు తరిమారు. అలసిపోయి రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. ఎదురింట్లోంచి శ్రీమతి హేల్ అనే ఆవిడ బయటికొచ్చి, మీరు మహాసభకు వచ్చినవారా అని అడిగి, లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టి, తానే కమిటీ దగ్గరికి తీసుకెళ్లారు.

సెప్టెంబరు 11న వేల మంది ముందు కూర్చున్నారు. అందరూ రాసుకొచ్చిన ప్రసంగాలు చదువుతున్నారు. ఆయన దగ్గర కాగితం లేదు. గుండె దడదడ, నాలుక పిడచకట్టింది. పిలిచిన ప్రతిసారీ ఇప్పుడు కాదు, తర్వాత అని వాయిదా వేశారు. చివరికి మధ్యాహ్నం సరస్వతీదేవికి మనసులో దండం పెట్టుకుని లేచారు. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. ఈ దడ సంగతి కూడా మనకు తెలిసింది ఆయన స్వయంగా తర్వాత అళసింగకు రాశారు కాబట్టే. దాచుకోలేదు.

కొన్ని నెలల కోసం వెళ్లిన మనిషి మూడున్నరేళ్లు ఉండిపోయారు. 1897 జనవరి 15న కొలంబోలో దిగారు. అదే ఏడాది మే 1న రామకృష్ణ మిషన్ మొదలుపెట్టారు. 1902 జులై 4న బేలూరు మఠంలో దేహం విడిచారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు.

నా సూట్‌కేసులోకి

భక్తి ఉంటే భయం ఉండదని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చా. స్వామీజీ కథలో నాకు అలా కనిపించలేదు. భయం మహబూబ్ కాలేజీ రోజుల్లో ఉంది, బోస్టన్‌లో ఉంది, మహాసభ వేదిక మీదా ఉంది. భయం ఉండగానే ఆయన చేయాల్సినవి చేశారు: తన కోరికను తానే పరీక్షించుకున్నారు, పెద్దల అనుమతి అడిగారు, అమ్మకు ఏర్పాటు చూశారు, ఇబ్బంది వస్తే సిగ్గుపడకుండా అళసింగకు రాశారు. తప్పులు కూడా జరిగాయి. దేవుడి పని మీద వెళ్తున్నామని స్వెట్టర్ మర్చిపోతే చలి వేయక మానదు!

అందుకని నిన్న రెండు పనులు చేశా. కాగితాలన్నీ మళ్లీ ఒకసారి సరిచూసుకున్నా, తేదీలతో సహా. తర్వాత వంటింట్లోకి వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, నాకు భయంగా ఉందమ్మా అని మొదటిసారి చెప్పా. అమ్మ తొక్కు డబ్బా మూత బిగిస్తూ, నాకూ అంతే బిడ్డా అంది. ఆ రాత్రి బాగానే నిద్రపట్టింది.

మీలోనూ ఎవరైనా బయల్దేరే పనిలో ఉంటే, వీలున్నప్పుడు సికింద్రాబాద్‌లో మహబూబ్ కాలేజీ వైపు ఒకసారి వెళ్లి రండి. ఇంకా టికెట్ కూడా లేని ఒక ముప్పై ఏళ్ల మనిషి, తాను ఎందుకు వెళ్లాలో నలుగురికీ చెప్పిన చోటు అది.

జై శ్రీరామకృష్ణ. వచ్చే వారం కలుద్దాం.