మూడవ సాలార్‌జంగ్

నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు సంస్థానమునకు దివానుగా పనిచేసిన ప్రముఖుడు, ప్రసిద్ధ కళావస్తు సేకర్త. ఈయన మూడవ సాలార్‌జంగ్ అను పేరుతో సుప్రసిద్ధుడు. శిల్పాలు, చిత్రపటాలు, ఆయుధాలు, గడియారాలు, వ్రాతప్రతులతో పాటు పిల్లల ఆటబొమ్మలను కూడా దేశదేశాల నుండి తెప్పించి భద్రపరచాడు. హైదరాబాదులో మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం ప్రధానంగా ఈయన సేకరణల ఫలితమే. తాత కట్టిన కీర్తి రాజకీయములో ఉండగా, మనుమని కీర్తి అంతయు వస్తువులలో ఉన్నది.

వంశము, బాల్యము

యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పూనాలో జన్మించాడు. ఈయన తాత మీర్ తురాబ్ అలీ ఖాన్ మొదటి సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడు. ఆయన 1853 నుండి 1883లో మరణించే వరకు ముప్పది సంవత్సరములు హైదరాబాదు దివానుగా ఉండి, అప్పులలో మునిగియున్న సంస్థానమును ఆర్థికముగా చక్కదిద్దాడు. తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ (రెండవ సాలార్‌జంగ్) కూడా 1884 నుండి 1887 వరకు దివాను పదవి నిర్వహించాడు. ఆయన 1889 జూలై 7న మరణించాడు. అప్పటికి యూసుఫ్ అలీ ఖాన్‌కు నెల రోజులైనా నిండలేదు.

తండ్రిని కోల్పోయిన శిశువు బాగోగులను, అతని జాగీరుల నిర్వహణను ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన రక్షణలోకి తీసుకున్నాడు. యూసుఫ్ అలీ ఖాన్ హైదరాబాదులోని నిజాం కళాశాలలో విద్యాభ్యాసము చేశాడు. తరువాత వంశపారంపర్యమైన సాలార్‌జంగ్ బిరుదును, జాగీరులను పొందాడు.

వస్తు సేకరణ ఈ కుటుంబమునకు కొత్త కాదు. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా పర్యటనకు వెళ్ళినపుడు రోము నగరములో జియోవానీ మారియా బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పమును కొన్నాడు. మ్యూజియంలో ఎక్కువమంది సందర్శకులు చూచే వస్తువులలో ఇది ఒకటి. అయితే తాతకు సేకరణ పదవీ బాధ్యతల నడుమ ఒక అభిరుచి మాత్రమే. మనుమనికి అదే జీవితవ్యాపకమైనది.

దివాను పదవి

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. 1912లో మహారాజా కిషన్ ప్రసాద్ స్థానములో మూడవ సాలార్‌జంగ్‌ను దివానుగా నియమించాడు. అప్పటికి ఈయన వయస్సు 23 సంవత్సరములు. 1914 నవంబరులో ఈయన పదవి నుండి వైదొలగాడు. ఆ తరువాత నిజాము 1919 వరకు వేరొక దివానును నియమించక పరిపాలనను స్వయముగా చూసుకున్నాడు.

పదవి విడచిన నాటికి ఈయనకు పాతికేళ్ళు. మరణించే వరకు మిగిలిన సుమారు 34 సంవత్సరములను ఈయన పుస్తకములు, కళావస్తువుల సేకరణకే వినియోగించాడు. వివాహము చేసుకొనలేదు.

సేకరణ జరిగిన తీరు

ఈయన నివాసము దివాన్ దేవ్‌డీ. ఈయన అభిరుచి సంగతి తెలిసిన పురాతన వస్తువుల వర్తకులు దేశవిదేశముల నుండి ఆ భవనమునకు వచ్చేవారు. విదేశాలలో ఈయనకు ప్రతినిధులు ఉండేవారు. వారు అక్కడి పేరుపొందిన దుకాణముల జాబితాలను, సూచీ పుస్తకములను పంపేవారు. వాటిని పరిశీలించి కావలసినవి తెప్పించుకొనేవాడు. ఐరోపా, మధ్యప్రాచ్య దేశములలో పర్యటించినపుడు స్వయముగా కూడా అనేక వస్తువులను కొన్నాడు.

ఈ సేకరణకు ఒక హద్దు గాని, ఒక ప్రత్యేక విషయము గాని లేదు. నూర్జహాను బాకు, టిప్పు సుల్తానుకు సంబంధించిన దంతపు కుర్చీలు, పచ్చరాతి పాత్రలు, చైనా, జపాను పింగాణీ, పర్షియా తివాచీలు ఒకవైపు ఉండగా, చేతికర్రలు, గాజు సామాను, ఆటబొమ్మలు మరొకవైపు ఉన్నవి. రాజులకు చెందిన వస్తువునకు, పిల్లవాని చేతిలో ఉండవలసిన బొమ్మకు ఈయన ఒకే ఇంటిలో చోటు ఇచ్చాడు. వస్తువు ధర కంటే అందులోని వింత, పనితనము ఈయనను ఎక్కువగా ఆకర్షించినట్లు ఈ సేకరణ స్వభావమే తెలుపుచున్నది.

బొమ్మల సేకరణ

మ్యూజియంలోని పిల్లల విభాగములో బొమ్మ రైలు, బారులు తీరిన బొమ్మ సైనికులు, పలు దేశముల వేషధారణ గల బొమ్మలు ఉన్నవి. ఇవి పింగాణీ, లోహము, కర్ర వంటి వేర్వేరు పదార్థములతో చేయబడినవి.

సాలార్‌జంగ్ బాల్య యౌవనములు ఐరోపా ఆటబొమ్మల పరిశ్రమకు మహోన్నత దశ. జర్మనీలోని నూరెంబర్గు నగరము రేకు బొమ్మలకు, తాళంచెవి తిప్పితే కదిలే బొమ్మలకు ప్రసిద్ధి చెందినది. 1891లో మార్క్లిన్ అను జర్మను సంస్థ లీప్‌జిగ్ సంతలో నిర్ణీతమైన పట్టాల కొలతలు గల బొమ్మ రైళ్ళను ప్రదర్శించినది. అంతకుముందు రైలు బొమ్మ ఒక విడి వస్తువు. కొలతలు స్థిరపడిన తరువాత, ఒకసారి ఇంజను కొన్నవారు మరిన్ని పెట్టెలు, పట్టాలు, వంతెనలు, స్టేషన్లు ఏటేటా చేర్చుకొనే వీలు కలిగినది. 1893లో లండనులోని విలియం బ్రిటన్ సంస్థ లోపల డొల్లగా ఉండే సీసపు సైనికులను పోతపోసే పద్ధతిని ప్రవేశపెట్టినది. సీసము తక్కువ పట్టుటచే వీటి ధర, బరువు తగ్గినవి. పటాలముల వారీగా పెట్టెలు అమ్మకానికి వచ్చినవి.

బొమ్మల సేకర్తల ఆనందమునకు, ఖర్చునకు కూడా మూలము ఇక్కడే ఉన్నది. ఒక పటాలము కొన్నవానికి ఎదుటి పటాలము కావలసియుండును. రైలు కొన్నవానికి దానిని నిలుపుటకు స్టేషను కావలసియుండును. ఒక్కొక్క వస్తువు ధర స్వల్పమే అయినను, సముదాయము పూర్తి కావలెనన్న కోరిక వలన ఖర్చు ఎన్నటికీ ముగియదు. పైగా బొమ్మ కొన్నంతనే ఖర్చు తీరదు. రేకు తుప్పు పట్టును, సీసము గాలి తేమకు తెల్లబారి పొడి అగును, స్ప్రింగులు సడలిపోవును, కర్రను చెదలు తినును. వీటిని ఉంచుటకు గది, తుడుచుటకు మనిషి, కనిపెట్టుటకు కాపలా అవసరము. పిల్లలు ఆడుకొన్న బొమ్మలు సాధారణముగా విరిగిపోవును. సాలార్‌జంగ్ బొమ్మలు ఆడుకొనుటకు గాక భద్రపరచుటకు కొన్నవి అగుటచే నేటికీ నిలిచియున్నవి.

తెలుగువారికి బొమ్మలు కూడబెట్టుట కొత్త విషయము కాదు. గోదావరి జిల్లాలలో భీమవరం, రాజమండ్రి వంటి పట్టణాలలో సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుట ఆచారము. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రతో చేసి లక్క రంగులు పూసిన ఏటికొప్పాక బొమ్మలు, మట్టి బొమ్మలు మెట్లపై అమర్చుదురు. ఏటేటా ఒకటి రెండు కొత్త బొమ్మలు చేర్చుదురు. తల్లి బొమ్మలు కూతురికి, కోడలికి సంక్రమించును. పండుగ ముగిసిన పిదప ప్రతి బొమ్మకు గుడ్డ చుట్టి పెట్టెలో దాచుదురు. కొలువు బొమ్మలకు తరువాతి తరము సిద్ధముగా ఉండును. సంతానము లేని సాలార్‌జంగ్ వస్తువులకు అట్టి వారసత్వము లేదు. ఈ లోటు ఈయన మరణానంతరము సమస్యగా పరిణమించినది.

సంగీత గడియారము

సాలార్‌జంగ్ కొన్న వస్తువులలో ఆటబొమ్మకు, కళావస్తువునకు మధ్యస్థముగా ఉన్నది కుక్ అండ్ కెల్వీ సంస్థ నుండి వచ్చిన సంగీత గడియారము. గంట అయ్యే సమయమునకు గడ్డముతో ఉన్న చిన్న కావలివాని బొమ్మ తలుపు తెరచుకొని బయటకు వచ్చి, ఎన్ని గంటలైనదో అన్నిసార్లు గంట కొట్టి లోనికి పోవును. మరొక వైపు కమ్మరి బొమ్మ సెకనుకొకసారి సుత్తితో కొట్టుచుండును. మ్యూజియంలో ప్రతి గంటకు ముందు సందర్శకులు దీని ఎదుట గుమికూడుదురు. పన్నెండు దెబ్బలు వినవచ్చునని మధ్యాహ్నము పన్నెండు గంటలకు మరింత మంది చేరుదురు.

సేకరణకైన మూల్యము

ఈ కొనుగోళ్ళకు కావలసిన ధనము ప్రధానముగా జాగీరుల నుండి వచ్చినది. ప్రస్తుత తెలంగాణలోని కోస్గి, కర్ణాటకలోని కొప్పళ, యల్బుర్గా, మహారాష్ట్రలోని అజంతా ప్రాంతములు సాలార్‌జంగ్ ఎస్టేటులో ఉండేవి. ఆ గ్రామముల రైతులు చెల్లించిన శిస్తు నవాబు ఆదాయము. లండను, పారిస్ వస్తువుల వెనుక వారి చెమట కూడా ఉన్నదని గుర్తించవలసియున్నది. ఆ వస్తువులను నవాబు జీవితకాలములో చూడగలిగిన వారు ఆ భవనములో ప్రవేశము గలవారే.

రెండవ మూల్యము వస్తువుల నష్టము. కొనుట ఒక్కని చేతిలో ఉన్నను, వేలాది వస్తువులను కాపాడుట ఒక్కని వలన అయ్యే పని కాదు. కుటుంబము లేని నవాబు అందుకు పూర్తిగా ఉద్యోగులపై ఆధారపడ్డాడు. వారిలో కొందరి చేతివాటము వలన, తరువాత భవనము మారినపుడు జరిగిన నష్టము వలన, ప్రస్తుతము మిగిలినది మొదటి సేకరణలో సగమేనని పాతతరము వారిలో ఒక అభిప్రాయము ఉన్నది.

మరణము, తదనంతర పరిణామములు

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసినది. 1949 మార్చి 2న సాలార్‌జంగ్ మరణించాడు. అదే సంవత్సరము ఆగస్టులో జాగీరుల రద్దు శాసనము వచ్చినది. ఆవిధముగా సేకర్త, సేకరణను పోషించిన ఆదాయము ఆరు నెలల వ్యవధిలోనే లేకుండా పోయినవి.

భార్యాబిడ్డలు లేకపోవుటచే ఆస్తికి దూరపు బంధువులు హక్కుదారులుగా ముందుకు వచ్చారు. వస్తువులు వాటాలుగా విడిపోయినను, వేలమునకు వెళ్ళినను, సుమారు ముప్పది నాలుగేళ్ళ కృషి చెదరిపోయి ఉండేది. ప్రభుత్వము ఎస్టేటు నిర్వహణకు ఒక సంఘమును ఏర్పాటు చేసినది. అప్పటి హైదరాబాదు ముఖ్య పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఈ వస్తువులతో ఒక మ్యూజియం నెలకొల్పదలచి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను సంప్రదించాడు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన కజిన్స్ తెలుగువారికి పరిచితుడే. పలు భవనములలో చెల్లాచెదురుగా ఉన్న వస్తువులను ఒకచోట చేర్చి, విభాగములుగా అమర్చు పని జరిగినది.

1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవ్‌డీలో మ్యూజియంను ప్రారంభించాడు. హక్కుదారులతో కుదిరిన రాజీ ఒప్పందము మేరకు, 1958లో హైకోర్టు డిక్రీ ద్వారా మ్యూజియం, గ్రంథాలయము భారత ప్రభుత్వమునకు చెందినవి. 1961లో పార్లమెంటు చట్టము దీనిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించినది. 1968లో మ్యూజియం దారుల్‌షిఫా వద్ద నిర్మించిన కొత్త భవనమునకు మారినది. దివాన్ దేవ్‌డీ తరువాతి కాలములో కూల్చివేయబడినది. ఈయన నివసించిన ఇల్లు పోయినను, ఇంటిలోని వస్తువులు నిలిచినవి.

ప్రాముఖ్యత

మ్యూజియంలో సుమారు 43,000 కళావస్తువులు, 50,000 పుస్తకములు, వ్రాతప్రతులు ఉన్నట్లు అంచనా. ప్రపంచములో ఒకే వ్యక్తి సేకరించిన అతిపెద్ద సేకరణగా దీనిని తరచు పేర్కొందురు. నిజానికి ఇందులో తాత, తండ్రి కాలముల వస్తువులు కూడా కలవు. అయినను అధికభాగము మూడవ సాలార్‌జంగ్ కూర్చినదే.

ఈ సేకరణలో ఉత్తమ కళాఖండముల ప్రక్కనే సామాన్యమైన వస్తువులు ఉన్నవని, పాశ్చాత్య చిత్రములలో కొన్ని మూలచిత్రములకు నకళ్ళని విమర్శ ఉన్నది. ఏది గొప్పదో నిర్ణయించి కొనే పండితుని కన్ను ఇందులో అన్నిచోట్ల కానరాదన్న మాట కొంతవరకు వాస్తవమే. అయితే ఆ కారణము చేతనే, ఇతర కళాప్రదర్శనశాలలు పట్టించుకొనని ఆటబొమ్మలు, చేతికర్రలు, ఇంటి సామాను ఇక్కడ భద్రముగా మిగిలినవి. చిత్రకళ గురించి ఏమీ తెలియని సందర్శకుడు కూడా ఇక్కడ సంతోషముగా గడపగలుగుట ఆ విశాలమైన అభిరుచి ఫలితమే. సంతానము లేని నవాబు కొన్న బొమ్మలను ప్రతి సంవత్సరము వేలాది బడిపిల్లలు చూచుచున్నారు.

విశేషములు

* ఒకే దుంగ నుండి ముందువైపు మెఫిస్టోఫెలిస్, వెనుకవైపు మార్గరెటా కనిపించునట్లు చెక్కిన కర్ర శిల్పము ఈ సేకరణలోనిదే. వెనుకనున్న అద్దములో రెండవ రూపము కనిపించును.
* తాత, తండ్రి, మనుమడు ముగ్గురును హైదరాబాదు దివానులుగా పనిచేశారు. వారిలో అతి తక్కువ కాలము పదవిలో ఉన్నది మూడవ సాలార్‌జంగ్.
* మ్యూజియం గ్రంథాలయములో అరబ్బీ, పర్షియన్, ఉర్దూ వ్రాతప్రతులు విశేషముగా ఉన్నవి.