డయాలసిస్ పేషెంట్ల రక్త పరీక్ష వెనుక మన తెలుగోడు.. ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

కడప జిల్లా చక్రాయపేట లాంటి మండలాల్లో డయాలసిస్ పేషెంట్ ఉన్న ఇంట్లో వారమంతా ఆస్పత్రి లెక్క మీదే నడుస్తుంది. వారానికి రెండు మూడు సార్లు ప్రయాణం, మెషిన్ మీద నాలుగేసి గంటలు. నెల తిరిగేసరికి చేతికొచ్చే ల్యాబ్ రిపోర్టులో ఒక లైన్ మీద డాక్టర్ కన్ను తప్పకుండా పడుతుంది. అదే ఫాస్ఫరస్. రక్తంలో ఈ ఫాస్ఫరస్‌ను తేలిగ్గా కొలిచే దారి చూపినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు తెలిసినవాళ్లలోనూ ఈ సంగతి తెలిసింది కొందరికే.

ఫాస్ఫరస్‌తో భయం ఎందుకు?

కిడ్నీలు బాగుంటే ఒంట్లో ఎక్కువైన ఫాస్ఫరస్ మూత్రంలో వెళ్లిపోతుంది. అవి పాడైతే రక్తంలోనే పేరుకుపోతుంది. డయాలసిస్ కొంత తీసేస్తుంది కానీ మొత్తం తీయలేదు. మిగిలిన ఫాస్ఫరస్ కాల్షియంతో కలిసి రక్తనాళాల గోడల్లో చేరుతుంది. మెత్తగా సాగాల్సిన గోడలోని కండర కణాలు మెల్లగా ఎముక కణాల్లా మారిపోతాయి. దీనికి ఒంట్లో ఎప్పుడూ రగులుతూ ఉండే వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ కూడా తోడవుతుంది. అందుకే వయసు నలభై అయినా రక్తనాళాలు ముసలివాళ్ల నాళాల్లా గట్టిపడిపోతాయి. డయాలసిస్ పేషెంట్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బులే కావడానికి ఇదొక పెద్ద కారణం.

మెట్రిక్ ఫెయిల్.. అయినా ఆగలేదు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. ఇంట్లో డబ్బు కటకట. చిన్నతనంలో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరితే, తల్లి వెంకమ్మ వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు రోజుల తేడాతో బలి తీసుకుంది. అదే జబ్బుతో తానూ చావు అంచుకు వెళ్తే, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

గాంధీ పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌కు ఖద్దరు గౌను వేసుకెళ్లారు. అది తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ దక్కలేదు, దాని కింది స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

రాత్రి బెడ్‌పాన్లు.. పగలు ల్యాబ్

1920ల మొదట్లో, మామగారి సాయంతో అమెరికా ఓడెక్కారు. భార్య శేషగిరి అప్పుడు గర్భిణి. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. సుబ్బారావు ఆ బిడ్డను చూడలేదు, మళ్లీ ఇండియాకు రానూ లేదు.

బోస్టన్‌లో హార్వర్డ్ చదువు. పూట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పని. రోగుల బెడ్‌పాన్లు ఎత్తి కడిగేవారు. పగలు సైరస్ ఫిస్క్ ల్యాబ్‌లో రక్తం, మూత్రంలో ఫాస్ఫరస్ లెక్క.

1925లో ఇద్దరూ కలిసి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ప్రకటించారు. ఆలోచన సింపుల్. నమూనాకు మాలిబ్డేట్ రసాయనం కలిపి చర్య జరిపిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇప్పటి మెషిన్లలో పద్ధతి చాలా మారింది, కానీ చాలా ల్యాబుల్లో ఇంకా మాలిబ్డేట్ రసాయనమే ఆధారం. ఆ కొలత పట్టుకునే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు.

ఇంత చేసినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. సుబ్బారావు చేసిన పని కొంత బయటికి రాకుండా ఫిస్క్ అసూయతో అడ్డుపడ్డారని అదే ల్యాబ్‌లో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తర్వాత చెప్పారు. ఆ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది. మార్చిన కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా కాపాడే అజాథియోప్రిన్ మందు ఆయన టీమ్‌దే.

సోదరుల జబ్బుకు జవాబు

1940లో సుబ్బారావు లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూ చికిత్సలో వాడే మందు ఇది. డయాలసిస్‌లో ఫోలిక్ యాసిడ్ కొంత బయటికి పోతుంది కాబట్టి, ఈ పేషెంట్లలో చాలామందికి ఇప్పటికీ ఆ మాత్ర రాస్తారు. ఫైలేరియాకు వాడే హెట్రజాన్ కూడా ఆయన టీమ్ నుంచే వచ్చింది.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులూ అక్కడే పుట్టాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో మెరుగు కనిపించింది. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్. తక్కువ డోసులో వాపును తగ్గించి కీళ్లవాతానికి పనిచేస్తుంది.

వాపు తగ్గితే గుండె కూడా బాగుపడుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికింది బ్రిగమ్ డాక్టర్లే. సుబ్బారావు బెడ్‌పాన్లు కడిగిన ఆస్పత్రికి వారసురాలది. గుండె జబ్బు ఉన్న దాదాపు 4,800 మందితో చేసిన ఆ ట్రయల్ ఫలితం 2018లో వచ్చింది. మెథోట్రెక్సేట్‌తో గుండెపోట్లు తగ్గలేదు.

డయాలసిస్ పేషెంట్లు ఇక్కడ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు పనిచేయనివాళ్లలో తక్కువ డోసు కూడా ప్రాణం మీదకు తేవచ్చు. కీళ్ల నొప్పులకు ఎవరో చెప్పారని వేసుకోవద్దు.

53 ఏళ్లకే..

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. అదే ఏడాది బ్రిగమ్ ఆస్పత్రిలో డచ్ డాక్టర్ కోల్ఫ్ డిజైన్ ఆధారంగా చేసిన కృత్రిమ కిడ్నీ మెషిన్ వాడకంలోకి వచ్చింది. 1954లో ప్రపంచంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి కూడా అక్కడే జరిగింది. సుబ్బారావుకు నోబెల్ రాలేదు. భారత ప్రభుత్వం 1995లో ఆయన పేరిట పోస్టల్ స్టాంప్ విడుదల చేసింది.

ఈసారి రిపోర్టులో ఫాస్ఫరస్ లైన్‌ను తేలిగ్గా వదిలేయొద్దు. సాధారణంగా డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి తగ్గించాలి. పాలు, పప్పు ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి. ఫాస్ఫరస్ మాత్ర ఇచ్చి ఉంటే అన్నంతో పాటే వేసుకోవాలి. తిన్న గంటకు వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసమే. మందులు, ఆహారం మార్చే ముందు మీ కిడ్నీ డాక్టర్ సలహా తీసుకోండి.)