విజ్ఞాన దాత రాంట్‌జెన్

విజ్ఞానాన్ని ఆర్జించినవారు ఎందరో ఉన్నారు. ఆర్జించినదానిని లోకానికి ఉచితంగా అర్పించినవారు అరుదు. అట్టి మహనీయుడు విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్. ఆయన జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచడం మా కర్తవ్యంగా భావిస్తున్నాము.

1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ పట్టణంలో ఒక వస్త్ర వర్తకుని ఇంట ఆయన జన్మించారు. బాల్యం హాలెండులో గడిచింది. ఉట్రెక్ట్‌లో చదివే రోజుల్లో తోటి విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుని వికట చిత్రం గీశాడు. ఆ గీసినవాని పేరు చెప్పనందుకు రాంట్‌జెన్‌ను పాఠశాల నుండి బహిష్కరించారు. యోగ్యతాపత్రం లేకపోయినా ఆయన నిరాశ చెందక, 1865లో జూరిక్ పాలిటెక్నిక్‌లో చేరి, 1869లో డాక్టరేటు సాధించారు.

1895 నవంబరు 8న ఉర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, నల్లని అట్టతో కప్పిన గాజునాళంలో విద్యుత్తు ప్రసరింపజేయగా, దూరాన ఉన్న రసాయనపు పూత గల తెర మెరిసింది. స్వభావం తెలియని ఆ కిరణాలకు ఆయన ఎక్స్-కిరణాలని పేరుంచారు. డిసెంబరు 22న భార్య చేతిని ఛాయాచిత్రం తీయగా ఎముకలు, ఉంగరం కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రంలో ప్రప్రథమ నోబెల్ బహుమతి లభించగా, ఆ ధనాన్ని విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశారు. పేటెంటు మాత్రం తీసుకోలేదు.

ఆ ఔదార్య ఫలం నేడు లోకంలోని అతి చిన్న రోగులకు సైతం అందుతున్నది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్ అనే దారుణ వ్యాధి రావచ్చు. అందులో ప్రేగు వాచి, కొంత భాగం నిర్జీవమవుతుంది. మాటరాని బిడ్డ తన బాధ ఎవరికి చెప్పగలదు? కడుపు ఉబ్బినా, పాలు ఇమడకపోయినా, మలంలో రక్తం కనిపించినా వైద్యులు వెంటనే ఉదరానికి ఎక్స్-రే తీస్తారు. తొలిదశలో ఉబ్బిన ప్రేగులు మాత్రమే కనిపించవచ్చు. కనుక కొన్ని గంటల కొకసారి మళ్ళీ తీసి పోల్చి చూస్తారు. ప్రేగు గోడలో వాయు బుడగలు కనిపిస్తే అది ఈ వ్యాధికి ముఖ్య చిహ్నం. అప్పుడు పాలు ఆపి, రక్తనాళం ద్వారా పోషణ, యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. ప్రేగు వెలుపల గాలి చేరితే రంధ్రం పడినట్లే. సాధారణంగా శస్త్రచికిత్స తప్పదు.

మొదటి ప్రపంచ యుద్ధానంతర ద్రవ్యోల్బణంలో రాంట్‌జెన్ ఆస్తి హరించుకుపోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో ఆయన ప్రేగు క్యాన్సరుతోనే కన్నుమూశారు. తాను ధనం మిగుల్చుకోలేదు. పసిబిడ్డల ప్రాణాలు కాపాడే చూపును మాత్రం లోకానికి మిగిల్చారు. విద్యకు ఇంతకు మించిన సార్థకత లేదని మేము నమ్ముతున్నాము.