విశ్వాసమును వాదసభలో నిలిపిన విద్వాంసుడు: సి. ఎస్. లూయిస్

మన తర్కశాస్త్రకారులు చర్చను మూడు విధములుగా విభజించిరి. సత్యమును తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపుకొఱకు చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండము. మతవిషయములలో లోకమున వినవచ్చునవి చాలవఱకు కడపటి రెండు విధములే. ఇరువదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమునందు క్రైస్తవ విశ్వాసమును మొదటి మార్గమున, అనగా ఎదుటిపక్షమువారిని పిలిచి కూర్చుండబెట్టి వారి మాట విని, సమర్థింప బూనిన పండితుడు క్లైవ్ స్టేపుల్స్ లూయిస్. బాలురకొఱకు ఆయన వ్రాసిన నార్నియా కథలు లోకప్రసిద్ధములు. ఆ కథలు చదివినవారిలో పెక్కురు, ఆయన పండ్రెండేండ్లపాటు ఒక వాదసభకు అధ్యక్షుడై యుండెనని ఎఱుగరు.

లూయిస్ 1898వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి ఆల్బర్టు న్యాయవాది. తల్లి ఫ్లోరా ఒక మతాచార్యుని కుమార్తె, గణితశాస్త్రమున పట్టము పొందిన విదుషీమణి. ఆ యింట ఎటు చూచినను పుస్తకములే. నడవలందును, పడకగదులందును, తుదకు అటకమీదను పేర్చిన గ్రంథముల నడుమ ఆయనయు, అన్న వారెనును పెరిగిరి. ఏ పుస్తకము తీసినను వలదనువారు లేరు. ఆయన పాండిత్యమునకు ఆ గృహగ్రంథాలయమే తొలి పాఠశాల.

ఆ సుఖము దీర్ఘకాలము నిలువలేదు. 1908వ సంవత్సరము ఆగస్టు మాసమున తల్లి కాన్సరు వ్యాధిచే మరణించెను. ఆమె బ్రదుకవలెనని తొమ్మిదేండ్ల బాలుడు చేసిన ప్రార్థన ఫలింపలేదు. పిమ్మట తండ్రి ఆతనిని ఇంగ్లండులోని పాఠశాలలకు పంపెను. అచ్చటనే, యౌవనారంభదశలో, చిన్ననాటి మతవిశ్వాసము ఆతనిని విడిచిపోయెను.

1914లో ఆయన సర్రే మండలమందలి గ్రేట్ బుక్‌హమ్ గ్రామమున విశ్రాంత ప్రధానోపాధ్యాయుడగు కిర్క్‌పాట్రిక్ అను గురువును చేరెను. కిర్క్‌పాట్రిక్ నాస్తికుడు, తర్కమే ప్రాణముగా గలవాడు. శిష్యుడు రైలు దిగిన తొలినాడు మర్యాదకై, ఈ ప్రాంతము తాననుకొన్నదానికంటె అడవిగా నున్నదని ఏదో మాట కలిపెను. గురువు నడక ఆపి, ఆ మాటకు అర్థమేమి, అట్లు అనుకొనుటకు ఆధారమేమి యని అడిగెను. శిష్యునియొద్ద సమాధానము లేదు. ఆధారము లేని అభిప్రాయము కలిగియుండుటకు ఎవరికిని హక్కు లేదని ఆనాడు నేర్చిన పాఠమును లూయిస్ జీవితాంతము మఱువలేదు. నాస్తికుడైన గురువు పెట్టిన తర్కభిక్షయే కాలాంతరమున ఆస్తికవాదమునకు ఆయుధమైనది.

1917లో ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అంతలో ప్రథమ ప్రపంచయుద్ధము ఆయనను పిలిచినది. తన పందొమ్మిదవ జన్మదినమున ఫ్రాన్సుదేశపు యుద్ధరంగమును చేరి, 1918 ఏప్రిల్‌లో గాయపడెను. పాడీ మూర్ అను మిత్రుడు ఆ యుద్ధమున మరణింపగా, ఆతని తల్లిని 1951లో ఆమె కన్నుమూయువఱకు పోషించెను. యుద్ధానంతరము ప్రాచీన భాషలయందును, తత్త్వశాస్త్రమునందును, ఆంగ్లసాహిత్యమునందును వరుసగా ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై, 1925లో ఆక్స్‌ఫర్డునందలి మాడ్లెన్ కళాశాలలో ఆంగ్లోపాధ్యాయుడాయెను.

ఆనాటికి ఆయన నాస్తికుడే. లోకమున ఇంత క్రౌర్యము, ఇంత అన్యాయము ఉండగా దేవుడెక్కడ యన్నదే ఆయన ప్రధానవాదము. కాని గురువు నేర్పిన ప్రశ్న ఆయనను ఊరక యుండనీయలేదు. లోకము అన్యాయమనుటకు న్యాయమను కొలబద్ద ఒకటి యుండవలెను గదా. ఆ కొలబద్ద ఎక్కడినుండి వచ్చినది? సరళరేఖ ఎట్లుండునో ఎఱుగనివాడు వంకరను వంకర యనజాలడు. ఇట్లు తన వాదమే తనకు అడ్డుపడెను. ఇంతలో నాస్తికుడైన ఒక సహాధ్యాపకుడు ఆయన గదిలో చలిమంటయొద్ద కూర్చుండి, సువార్తల చారిత్రకతకు గల ఆధారములు అనుకొన్నదానికంటె బలమైనవని అనెను. అట్టివాని నోట అట్టి మాట వెలువడుటచే లూయిస్ కలతచెందెను.

ఎంతో వెనుకంజ వేసిన పిమ్మట, ఇష్టము లేకయే, దేవుడు గలడని ఆయన ఒప్పుకొనెను. అది 1929లో జరిగినట్లు ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి కళాశాల ఉద్యానమార్గమున టోల్కీన్, డైసన్ అను ఇరువురు మిత్రులతో ఆయన చాలసేపు చర్చించెను. చనిపోయి మరల లేచు దేవతల కథలు అనేక పురాణములలో నుండగా క్రీస్తుకథకు గల విశేషమేమి యన్నది ఆ రాత్రి ప్రశ్న. ఆ కథ పురాణముల వలెనే హృదయమును కదలించుచు, చరిత్రలో నిజముగా జరిగినదగుటయే దాని విశేషమని మిత్రులు వాదించిరి. కొలది దినములలో లూయిస్ క్రైస్తవుడాయెను. ఆయన విశ్వాసము పుట్టినదే మిత్రగోష్ఠిలో.

ద్వితీయ ప్రపంచయుద్ధము వచ్చెను. లండను నగరముపై బాంబులు పడిన కాలమది. బి.బి.సి. రేడియోవారు సామాన్యజనులకు మతమునుగూర్చి చెప్పుమని కోరగా, 1941 ఆగస్టు మొదలు 1944 వఱకు ఆయన నాలుగు వరుసలుగా ప్రసంగించెను. మొదటి ప్రసంగములు పదునైదు నిమిషములవి. బైబిలు వాక్యములతో గాక, నిత్యజీవితమందలి జగడముతో ఆయన ఆరంభించెను. ఇరువురు పోట్లాడుకొనునపుడు నీవు చేసినది తగదని ఒకడనును. రెండవవాడు తగవు అనునదే లేదనడు. తాను తగవు తప్పలేదని సాకు చెప్పును. కనుక ఇరువురును అంగీకరించిన ధర్మమొకటి వారికి మించి యున్నదని ఆయన తర్కము. ఆ ప్రసంగములు సవరింపబడి 1952లో ‘మియర్ క్రిస్టియానిటీ’ అను గ్రంథముగా వెలువడెను. శ్రోతలు లేఖలను వెల్లువగా పంపిరి. అన్న వారెన్ టైపుయంత్రముపై సాయపడుచుండగా లూయిస్ జవాబులు వ్రాసెను. ఆదాయములో ఎక్కువభాగము వితంతువులకు, దీనులకు పోయెను.

రేడియోలో వక్త చెప్పును, శ్రోత వినును. ఎదురుప్రశ్నకు చోటు లేదు. ఆ చోటు మఱియొక తావున ఏర్పడెను. ఆక్స్‌ఫర్డు విద్యార్థినులకు మతవిషయములందు తోడ్పడుచున్న స్టెల్లా ఆల్డ్‌వింకిల్ అను నామెతో, దేవుని విషయమున సంశయించువారి ప్రశ్నలను చర్చించువారెవరును లేరని ఒక విద్యార్థిని మొఱపెట్టుకొనెను. ఆల్డ్‌వింకిల్ వెంటనే ఒక సంఘమును తలపెట్టెను. విశ్వవిద్యాలయపు నియమానుసారము సంఘమునకు అధ్యాపకుడొకడు పెద్దగా నుండవలెను. ఆమె లూయిస్‌కు వ్రాయగా ఆయన సమ్మతించెను. 1942 జనవరిలో సోక్రటిక్ క్లబ్బు తొలిసభ జరిగెను. వాదము ఎటు నడిపించిన అటు పోవలెనన్న సోక్రటీసు ఆదర్శమే ఆ పేరునకు మూలము.

పాఠములు జరుగు దినములలో సోమవారము సాయంకాలములందు సభ కూడెడిది. ఒకరు వ్యాసము చదువుదురు. ఎదుటిపక్షమువారు ప్రత్యుత్తర మిత్తురు. పిమ్మట ఎవరైనను ప్రశ్నింపవచ్చును. క్రైస్తవుడు చదివిన నాడు నాస్తికుడును, నాస్తికుడు చదివిన నాడు క్రైస్తవుడును బదులు చెప్పుట పద్ధతి. సమర్థులైన నాస్తికులకొఱకు సభ్యులు ప్రసిద్ధుల పట్టికలను వెదకిరి. జోడ్, ఎయర్ వంటి తత్త్వవేత్తలు వచ్చి వాదించిరి. దేవుని గుఱించిన వాక్యములకు అర్థమున్నదా యని ప్రశ్నించిన ఆంటొనీ ఫ్ల్యూ ప్రసిద్ధవ్యాసము మొదట చదువబడినది ఈ క్రైస్తవస్థాపిత సభలోనే. సంఘమును స్థాపించినవారు తటస్థులు కారని లూయిస్ దాచలేదు. కాని వాదము ఒకసారి మొదలైన పిమ్మట అది స్థాపకుల చేతిలో నుండదనియు, తమ లోపములును బయటపడుననియు ఆయన వ్రాసెను.

ఆ మాటకు పరీక్ష ఆయనకే వచ్చెను. 1947లో ఆయన ‘మిరకిల్స్’ అను గ్రంథమున ఒక బలమైన వాదమును చేసెను. మన తలంపులన్నియు బుద్ధిలేని పదార్థపు కదలికలవలననే పుట్టినచో, ఏ తలంపును నమ్ముటకు వీలులేదు. అట్లు చెప్పు తలంపును గూడ నమ్ముటకు వీలులేదు. కావున ప్రకృతి తప్ప వేఱేమియు లేదను మతము తన్ను తానే ఖండించుకొనును. 1948 ఫిబ్రవరి 2వ తేదీ సోమవారమున, ఈ వాదమును పరిశీలించుచు ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ అను నామె సభలో వ్యాసము చదివెను. ఆమె వయస్సు ఇరువదియెనిమిదేండ్లు. తత్త్వవేత్త విట్గెన్‌స్టైన్‌కు శిష్యురాలు; తానును దృఢమైన క్రైస్తవురాలు. ఆమె ఖండించినది విశ్వాసమును గాదు, తర్కమందలి పగులును.

బుద్ధికి విరుద్ధమైన కారణము వేఱు, బుద్ధితో సంబంధమే లేని కారణము వేఱు అని ఆమె చూపెను. సన్నిపాతమున పలికినవాని మాటను మనము నమ్మము. అట్టి మాటలు తఱచు తప్పగునని అనుభవము చెప్పుచున్నది. అంతమాత్రమున తలంపునకు శరీరములో కారణమున్న ప్రతిసారియు అది తప్పనరాదు. మఱియు తలంపు ఎట్లు పుట్టినది యన్న ప్రశ్న వేఱు, అది సరియైనదా యన్న ప్రశ్న వేఱు. బాలుడు చేసిన లెక్కను దిద్దునపుడు గురువు లెక్కలోని మెట్లను చూచును గాని, బాలుని మెదడులో జరిగినదేమో విచారింపడు.

ఆ రాత్రి లూయిస్ ఎంతో కుంగెనని కొందఱు మిత్రులు చెప్పిరి. అది నెమ్మదిగా జరిగిన చర్చయే యని ఆన్‌స్కోంబ్ జ్ఞాపకము. ఎట్లైనను పిమ్మట జరిగినది ముఖ్యము. లూయిస్ అధ్యక్షపీఠమును విడువలేదు. 1950లో రాబోవు వక్తల పేర్లు వ్రాయునపుడు ఆమె పేరును తానే సూచించెను. 1960 నాటి కొత్తకూర్పునకై ఆ అధ్యాయమును తిరిగి వ్రాసెను. స్వయంవిరుద్ధమన్న పాతశీర్షికను తీసివేసి, ప్రధానమైన చిక్కు అని మెత్తపఱచెను. ఆ పునర్రచనయే ఆయన నిజాయితీకి సాక్ష్యమని ఆమె కాలాంతరమున వ్రాసెను. ప్రతివాది ఇచ్చిన ఆ యోగ్యతాపత్రము కంటె ఘనమైన గెలుపు వాదికి లేదు.

ఇందలి ప్రమాదమును ఆయన ముందే యెఱుగును. 1945లో మతాచార్యులకు ఉపన్యసించుచు, తాను వాదించి నిలిపిన సిద్ధాంతమే ఆ క్షణమున తనకు మిక్కిలి బలహీనముగా తోచుననియు, అది తన వాదమను సన్నని స్తంభముపై నిలిచినట్లు కనబడుననియు హెచ్చరించెను. వాదము అడ్డంకులను తొలగింపగలదు గాని, దైవము స్థానమున తాను కూర్చుండరాదని ఆయన భావము.

1950 మొదలు 1956 వఱకు ఏడు నార్నియా కథలు వెలువడెను. 1954లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభింపగా, ఆయన సోక్రటిక్ క్లబ్బు అధ్యక్షతను విడిచెను. 1956లో అమెరికా రచయిత్రి జాయ్ డేవిడ్‌మన్‌ను వివాహమాడెను. ఆమె పూర్వము కమ్యూనిస్టు. ఆయన గ్రంథములు చదివినది. తల్లిని కబళించిన వ్యాధియే భార్యనును పట్టి, 1960 జూలై 13వ తేదీన తీసికొనిపోయెను. బాధలు దైవకరుణకు విరుద్ధములు గావని 1940లో ఒక గ్రంథమంతట తర్కించిన పండితుడు, ఇప్పుడు దైవము మౌనముగా నున్నదని విలపించెను. ఆ సంశయములను దాచక వ్రాసికొని, 1961లో మాఱుపేరుతో ప్రకటించెను. తుదకు విశ్వాసము నిలిచినది. కాని ఈసారి అది కన్నీటిలో తడిసిన విశ్వాసము.

1963వ సంవత్సరము నవంబరు 22వ తేదీన లూయిస్ ఆక్స్‌ఫర్డు శివారునగల తన యింట మరణించెను. అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్యకు గుఱియైన దినమే అగుటచే, ఆ మరణవార్త చాలమందికి తెలియలేదు. సోక్రటిక్ క్లబ్బు 1972 వఱకు నడచెను. ఆయన మరణించి ఏబదియేండ్లు నిండిన నాడు, 2013లో, లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ దేవాలయమున కవుల నడుమ ఆయన స్మారకఫలకమును నిలిపిరి.

ఆయన వాదములన్నియు అందఱికిని సమ్మతములు కావు. క్రైస్తవులలోనే కాదనువారు గలరు. కాని తన విశ్వాసమును ప్రశ్నించువారికి పీట వేసి, వారి మాటలోని సత్యమునకు తలయొగ్గి, తన గ్రంథమును తానే దిద్దుకొన్న సంస్కారము ఏ మతమువారికైనను ఆదర్శప్రాయము. పుస్తకములతో నిండిన యింట పుట్టి, చర్చలతో నిండిన సభలో పండిన ఆ జీవితము, చదువుటయు చర్చించుటయు ఒకే విద్యకు రెండు కన్నులని చాటుచున్నది.