కోడిగుడ్డు సొనతో ఫొటో ప్రింట్.. నిజాం మెచ్చిన కెమెరా 'రాజా' కథ ఇదీ!

చార్మినార్ దగ్గర రోజూ ఎన్ని సెల్ఫీలు దిగుతారో లెక్కే లేదు. నూట ముప్పై ఏళ్ల కిందట అదే చోట ఒక్క ఫొటో తీయాలంటే బరువైన చెక్క కెమెరా, స్టాండు, గాజు పలకల పెట్టెలు మోసుకురావాల్సిందే. ఆ పని చేసి పాతబస్తీని మనకు చూపించిన వ్యక్తి లాలా దీన్‌దయాళ్.

ఆయన హైదరాబాదీ కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. ముప్పై ఏళ్ల వయసులో కెమెరా పట్టారు. సరదాగా మొదలైన పని కాస్తా పిచ్చిగా మారింది. చివరికి గవర్నమెంటు ఉద్యోగానికి ముందు సెలవు పెట్టి, తర్వాత పూర్తిగా గుడ్‌బై చెప్పేశారు. అప్పట్లో అది చిన్న రిస్క్ కాదు!

1885లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించారు. సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. ఫలక్‌నుమా, చౌమహల్లా, పులుల వేట, వైస్రాయ్‌ల రాక.. అన్నిటికీ ఆయన కెమెరానే సాక్షి. కరువు సాయం పనుల దగ్గర కూలీలనూ ఫొటో తీశారు. మహళ్ల వైభవం చూసి ఆగిపోయేవాళ్లు ఈ ఫొటోలు కూడా చూడాలి.

మరి ప్రింట్ ఎలా వచ్చేది? కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పట్టించేవారు. ఆరాక దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంపై తేలించేవారు. అప్పుడే దానికి వెలుతురు సోకితే నల్లబడే గుణం వస్తుంది. గాజు నెగటివ్‌ను దానిపై ఆనించి ఎండలో పెడితే బొమ్మ తేలేది. జూమ్, ఎన్‌లార్జ్ లాంటివేం లేవు. గాజు పలక ఎంతుంటే ఫొటో అంతే. మబ్బు పడితే పని ఆలస్యం, పలక జారితే ఆ ఫొటో ఇక లేనట్టే. దీన్నే ఆల్బుమెన్ ప్రింట్ అంటారు. డిజిటల్‌తో విసిగిన కొందరు ఆర్టిస్టులు ఇప్పుడు మళ్లీ ఈ పద్ధతినే ప్రయత్నిస్తున్నారు.

పరదా పాటించే మహిళలు మగ ఫొటోగ్రాఫర్ ముందుకు రారు కదా. వాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళది.

1887లో విక్టోరియా రాణి ఫొటోగ్రాఫర్‌గా గుర్తింపు వచ్చింది. నిజాం 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చారు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. కానీ 1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయాడు. మరుసటి ఏడాది జులై 5న దీన్‌దయాళ్ కూడా కన్నుమూశారు.

ఆయన తీసిన గాజు నెగటివ్‌లలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుగోలు చేసింది. ఇన్నేళ్లు పగలకుండా మిగిలిన ఆ పలకలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి.